తాళం వేసిన ఇంటి గురించి స్రవంతికి

చిరంజీవి స్రవంతికి,

పెద్దబాపు దీవెనలు. నువ్వు గచ్చిబౌలిలో ఆ అపార్ట్‌మెంట్ల మేనేజర్ ఉద్యోగం వదిలేసి, మన వరంగల్‌లో డబుల్ బెడ్రూం కాలనీలు చూసుకునే పనిలో చేరుతున్నావని మీ బాపు నిన్న ఫోన్ చేశాడు. "జీతం సగమైతది, పైగా ఔట్‌సోర్సింగ్. నువ్వన్నా చెప్పు అన్నా" అన్నాడు. చెప్తానులే అని పెట్టేశాను. మీ పెద్దమ్మ, నేను చాయ్‌లో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసుకుని తాగాం, సంతోషానికి. ఈ సంగతి వాడికి చెప్పకు, షుగర్ అని గొడవ చేస్తాడు.

రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇండ్ల పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏండ్లు సైకిల్ తొక్కినవాడిని. తెల్లారగానే ఇది రాస్తున్నా.

చిన్నవి ముందు చెప్తా. పీఎఫ్ నంబరు మొదటి నెలలోనే అడుగు. ఏ వాల్వు ఏ బ్లాకుదో పెయింటుతో రాయించు. వానలకు ముందే స్లాబు మీద పైపుల్లో చెత్త తీయించు. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్ట తెగినప్పుడు నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు. మేము ఇక్కడే ఉన్నాం. కింది ఇండ్లలోకి నీళ్ళొస్తే ఎట్లుంటదో టీవీలో చూస్తే తెలియదు.

కోర్సు చేస్తానన్నావట. చెయ్యి. హైదరాబాద్‌లో కట్టడం పనులు నేర్పే న్యాక్ ఉంది, ఢిల్లీలో ఇండ్లకు అప్పులిచ్చే కేంద్ర సంస్థ హడ్కో వాళ్ళ శిక్షణ సంస్థ 1985 నుంచి ఉంది. మా కాలంలో మమ్మల్ని ఎవరూ పంపలేదు, ఇటుకలు లెక్కపెట్టడమే మా చదువు. కోర్సుకు ముందు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చదువు. ఇండ్ల పథకాల్లో వాళ్ళకు 5 శాతం కేటాయించాలని అందులో ఉంది. డ్రాలో మూడో అంతస్తు వచ్చిందని నడవలేని మనిషిని మెట్ల కింద కూర్చోబెట్టకు. నీ పాత అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ ఆగితే పది నిమిషాల్లో వాట్సాప్‌లో నిన్ను తిట్టేవాళ్ళు. ఇక్కడ తిట్టరు. ముసలమ్మ కిందికి దిగడం మానేస్తుంది, అంతే. నీకు తెలిసేసరికి నెల అయిపోతుంది.

ఇక అసలు సంగతి. ఇది మీ బాపుకు కూడా పూర్తిగా తెలియదు.

1997లో నేత పని వాళ్ళకు కట్టిన ఒక కాలనీ నా చేతిలో ఉండేది. ఖాళీగా ఉన్న ఇండ్ల జాబితా మూడు రోజుల్లో కావాలని పైనుంచి వచ్చింది. రెండు వందల పైచిలుకు గడపలు. నేను పొద్దున పదకొండింటికి పోయాను. పని చేసుకుని బతికే వాళ్ళ కాలనీకి పదకొండింటికి పోయినవాడిని ఏమనాలి? ఒక ఇంటికి తాళం ఉంది. వాకిట్లో ముగ్గు లేదు. పక్కింటాయనను అడిగితే "వాళ్ళు భీవండి పోయిండ్రు సార్, ఇగ రారు" అన్నాడు. సరే అని "నివాసం లేదు" అని రాసి సంతకం పెట్టాను. రెండు మాటలు. చాయ్ కూడా ఆయన ఇంట్లోనే తాగాను.

ఇక్కడ మగ్గం మీద కడుపు నిండక సూరత్, భీవండి మరమగ్గాలకు పోయిన కుటుంబాలు మన కొత్తవాడ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో నాకు తెలియదా? తెలుసు. మీ పెద్దమ్మ మేనమామే సూరత్‌లో ఉండేవాడు. తెలిసీ రాశాను. మూడు రోజుల్లో జాబితా ఇస్తే మంచి పేరొస్తుందని.

ఇల్లు రద్దయింది. పక్కింటాయన తమ్ముడి పేరు మీద మళ్ళీ ఇచ్చారు. ఆయన "ఇగ రారు" అని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది.

బతుకమ్మ పండుగకు ఆ కుటుంబం వచ్చింది. నన్ను పిలిపించారు. అరుగు మీద బట్టల మూటలు, ఇద్దరు పిల్లలు. తలుపుకు కొత్త తాళం. ఆమె నన్ను తిట్టలేదు. కొంగు ముడి విప్పి కిస్తీలు కట్టిన రసీదులు తీసింది. ఒక్కటి తక్కువ లేదు. "సారూ, ఉప్పు, పసుపు లోపల్నే పెట్టి పోయిన. ఇల్లు ఇడిసిపెట్టేటోళ్ళు పసుపు పెట్టి పోతరా?" అంది.

రెండేండ్లు తిరిగాను. ప్రతి టేబుల్ దగ్గర నా సంతకమే నాకు చూపించారు. ఇల్లు రాలేదు. కరీమాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. లోపల ఉండిపోయిన వాళ్ళ ఇసుర్రాయి ఒక్కటి అడిగి తెచ్చి, రిక్షాలో వేసుకుని పోయి ఇచ్చాను. ఆమె నాకు చాయ్ పోసింది. తాగలేక, వద్దనలేక అట్లనే పట్టుకుని కూర్చున్నాను బిడ్డా.

ఇప్పుడు నీ ముందుకు అదే పని వస్తుంది. ఇండ్లలో ఎవరుంటున్నారో సర్వే చెయ్యమంటారు, తాళం ఉన్న ఇండ్లకు నోటీసులంటారు. అమ్ముకున్నవాళ్ళు, కిరాయికి ఇచ్చినవాళ్ళు ఉంటారు, అది అబద్ధం కాదు. వాళ్ళ మీద భయపడకుండా రాయి. బయట ఇల్లు లేక లైన్లో ఉన్నవాళ్ళకు అది దక్కాలి. కానీ తాళం వేరు, ఖాళీ వేరు.

ఒక ఇంటికి మూడుసార్లు పో. తెల్లవారి ఒకసారి, పొద్దుగూకినంక ఒకసారి, సంక్రాంతికో బతుకమ్మకో ఒకసారి. కరెంటు మీటరు చూడు. 2024 నుంచి గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా సున్నా బిల్లే వస్తుంది కాబట్టి బిల్లు మీద సున్నా చూసి మోసపోకు, యూనిట్లు చూడు. రేషన్ ఇక్కడ తీసుకోవట్లేదని రాయకు, ఇప్పుడు ఆ బియ్యం భీవండిలోనూ తీసుకోవచ్చు. పక్కింటివాళ్ళను అడిగే ముందు వాళ్ళ ఇంట్లో పెండ్లి కావలసిన కొడుకున్నాడా చూసుకో. నవ్వకు, నిజంగానే చెప్తున్నా. నోటీసు తలుపుకు అంటించి ఫోటో తీసి ఊరుకోకు, ఊరికాని ఊరిలో ఉన్నవాళ్ళు తలుపు ఎట్లా చదువుతారు? ఫోన్ నంబరు సంపాదించు. ఏ రోజు, ఎన్నింటికి పోయావో చేత్తో రాసుకో. సర్వే యాప్‌లో ఏం నొక్కినా, నీ దగ్గర ఒక నోటుబుక్కు ఉండాలి. పైనుంచి గడువు మీద గడువు వస్తే "ఇంకా చూడాలి" అని రాసి పంపు. తిట్లు పడతాయి. పడనీ.

పొద్దుగూకినంక పొమ్మన్నానని ఒక్కదానివే పోకు. నాకు ఫోన్ చెయ్యి. బ్లాకు కింద చాయ్ బండి దగ్గర కూర్చుంటా, నీ పనికి అడ్డం రాను. మోకాళ్ళు సహకరించవు గనక పైకి ఎట్లాగూ ఎక్కలేను.

ఆదివారం ఇంటికి రా. మీ పెద్దమ్మ సకినాలకు పిండి పట్టించింది. వచ్చేటప్పుడు గీతల నోటుబుక్కులు నాలుగు తెచ్చుకో, ఇక్కడ మా సందులో దొరకట్లేదు.

మీ పెద్దబాపు
హన్మకొండ