గ్రీన్‌కార్డు వచ్చిన తొమ్మిది నెలలకు నేను కంపెనీ మారాను

కార్డు చేతికొచ్చి రెండు నెలలే అయిందనీ, మరో కంపెనీ మంచి జీతంతో పిలుస్తోందనీ రాశారు. ఇప్పటి యజమానేమో ‘రెండేళ్లు ఉండాల్సిందే, లేకపోతే కార్డు పోతుంది, మేం పెట్టిన ఖర్చంతా కట్టి వెళ్లాలి’ అంటున్నాడన్నారు. మొదటి రెండు మాటలూ వట్టి బెదిరింపులు. మూడోదాంట్లో కాస్త నిజం ఉండవచ్చు. నేను లాయరును కాను గానీ, ఈ భయమంతా పడి వచ్చినవాణ్ణి.

నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు వరుసలో నా స్థానాన్ని తేల్చే తేదీ, 2008 నవంబరు. 2012 జనవరిలో ఈబీ-2 (పై చదువులున్న ఉద్యోగుల వర్గం)లో భారతీయుల వరుస నా తేదీ దాకా వచ్చింది. ఆ నెలలోనే ఐ-485 (గ్రీన్‌కార్డుకు చివరి దరఖాస్తు) వేశాం, ఏప్రిల్‌లో కార్డులు వచ్చేశాయి. ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే ప్రభుత్వ బులెటిన్‌లో మే నెలకు ఆ తేదీ వెనక్కి, 2007 ఆగస్టు 15కి జారిపోయింది. నాతోపాటే కాగితాలు వేసిన మిత్రుడి ఫైలు మెడికల్ రిపోర్టు దగ్గర ఆగి, మళ్లీ ఏళ్ల తరబడి వరుసలో నిలబడింది. అది చూశాక మా ఆవిడ కార్డులు రెండూ దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టిందంటే నవ్వకండి. ఆ మానసిక స్థితిలో ఉన్నవాడికి యజమాని ఏం చెప్పినా చట్టంలాగే వినిపిస్తుంది.

చట్టంలో ఇన్ని నెలలు ఉండి తీరాలని ఎక్కడా లేదు. కార్డు మంజూరైన నాటికి ఆ ఉద్యోగం ఇవ్వాలని కంపెనీకీ, చేయాలని మీకూ నిజంగా ఉందా అన్నదే ప్రశ్న. మనసులోకి ఎవరూ తొంగిచూడలేరు కాబట్టి నడవడిని బట్టి అంచనా వేస్తారు. ఆరు నెలలు, ఏడాది అని లాయర్లు చెప్పేది ఆ అంచనాకు పెట్టుకున్న జాగ్రత్త మాత్రమే. కార్డుకు ముందు అదే కంపెనీలో చేసిన ఏళ్లు కూడా మీ ఉద్దేశానికి సాక్ష్యమే.

మీ ఐ-485 ఎంతకాలం పెండింగ్‌లో ఉందో రాయలేదు. అది 180 రోజులు దాటి ఉంటే, అదే తరహా ఉద్యోగానికి కార్డు రాకముందే మారే వీలు 2000 నాటి చట్టం ఇచ్చింది. అప్పుడు మీ పరిస్థితి నాకంటే చాలా నయం. నాది మూడు నెలల్లోనే తేలిపోయింది కాబట్టి ఆ వెసులుబాటు నాకు లేదు. అందుకే తొమ్మిది నెలలు ఆగాను. కొత్త కంపెనీ వాళ్లను ‘జనవరిలో చేరతాను’ అని అడిగితే పెద్దగా బతిమాలించుకోకుండానే ఒప్పుకున్నారు. మీరూ అడిగి చూడండి.

రాజీనామా ఇచ్చిన వారానికి పదకొండు వేల డాలర్లు కట్టమని ఉత్తరం వచ్చింది. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు, ఏ పద్దు కింద ఎంతో విడదీసి పంపమని అడిగాను. సగానికి పైగా లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అమెరికాలో తగినవాళ్లు దొరకలేదని కంపెనీ చూపించే ప్రక్రియ) ప్రకటనలూ, దాని లాయరు ఫీజూ. 2007 జులై నుంచి ఆ ఖర్చు కంపెనీయే భరించాలి, ఉద్యోగి దగ్గర ఏ రూపంలోనూ రాబట్టకూడదు. ఆ సంగతి రెండు వాక్యాల్లో రాసి పంపితే ఆ పద్దు మాయమైంది. కానీ ఐ-485 ఫీజులకు ఆ నిషేధం లేదు. ఏడాదిలోపు మానేస్తే తిరిగి ఇస్తానని నేను సంతకం చేశాను. మనిషికి 1,070 చొప్పున ఇద్దరికీ 2,140 డాలర్లు కట్టేశాను. మీరు దేనిమీద సంతకం పెట్టారో ముందు వెతికి చదవండి.

2017లో పౌరసత్వం ఇంటర్వ్యూకు వెళ్లాను. పౌరసత్వం దరఖాస్తు ఎన్-400లో అయిదేళ్ల ఉద్యోగాలన్నీ రాయాలి కాబట్టి దాచడానికేమీ ఉండదు. ఆఫీసరు పెన్నుతో ఆ వరుస మీద తట్టి, ‘కార్డు ఇప్పించినవాళ్ల దగ్గర ఎంతకాలం ఉన్నారు?’ అన్నారు. ‘కార్డుకు ముందు నాలుగేళ్లు, తర్వాత తొమ్మిది నెలలు’ అన్నాను. ఎందుకు మానేశారని అడిగితే జీతం అన్నాను, ఉన్నమాటే. పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్నుల పత్రాలు), రాజీనామా ఉత్తరం అన్నీ సర్దుకెళ్లిన నీలం ఫైలు అలాగే ఒళ్లో ఉండిపోయింది. కార్డు వచ్చిన పన్నెండో రోజునే మానేసిన నాకు తెలిసినాయనకు మాత్రం పాత కంపెనీ నుంచి ఉత్తరం తెమ్మన్నారు. ఆ కంపెనీ వాళ్లు అప్పటికి ఫోను ఎత్తడం మానేశారు. చివరికి పౌరసత్వం వచ్చింది గానీ ఏడాది నలిగిపోయాడు.

కాబట్టి నా మాట: ఆరు నెలలైనా నిండనివ్వండి. ఈలోపు వాళ్లే తీసేస్తే అది మీ తప్పు కాదు, ఆ ఉత్తరం భద్రపరచుకోండి. మీకంటూ వేరే లాయరును సొంత డబ్బుతో సంప్రదించండి. కంపెనీ లాయరు కంపెనీ మనిషే.

ఇంకొకటి. కొత్త కంపెనీలో చేరిన రోజు నేను పాత అలవాటు కొద్దీ హెచ్‌-1బీ కాగితాల కట్ట మొత్తం బల్ల మీద పెట్టాను. హెచ్‌ఆర్‌లో అమ్మాయి కార్డు ఒక్కటే చూసి, మిగతా కట్టంతా వెనక్కి నెట్టింది. బదిలీ దరఖాస్తులూ ఎదురుచూపులూ ఇక ఉండవు. ఇల్లు మారితే మాత్రం పది రోజుల్లో ఏఆర్-11 (చిరునామా మార్పు ఫారం) వేయడం మరవకండి.