కవరులోకి నీళ్లు వచ్చి ఫోన్ పాడైతే పరిహారం కవరు ధరకే పరిమితమా?

ప్రశ్న: 22 నెలల క్రితం మా బావగారు ఆన్‌లైన్‌లో ఒక వాటర్‌ప్రూఫ్ ఫోన్ కవరు కొని నాకు బహుమతిగా ఇచ్చారు. బిల్లు ఆయన పేరునే ఉంది. ‘30 మీటర్ల లోతు వరకు సురక్షితం, నీటి అడుగున ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చు’ అని అమ్మకపు పేజీలో రాశారు. కొన్న రెండు వారాలకు సముద్రంలో, మనిషి లోతు కూడా లేని చోట, పావుగంట సేపు చేపలను వీడియో తీశాను. ఒడ్డుకు వచ్చి చూస్తే కవరులో నీళ్లున్నాయి, ఫోన్ ఆగిపోయింది. చనిపోయిన మా అమ్మ చివరి పుట్టినరోజు వీడియో అందులోనే ఉంది. నీటివల్ల పాడైన ఫోన్‌కు వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్ వారు చెప్పారు. అమ్మకందారుకు అప్పటి నుంచి మెయిళ్లు రాస్తూనే ఉన్నాను. కవరు వెనక్కి పంపితే దాని ధర ఇస్తామని, ఫోన్‌కు తమ బాధ్యత లేదని షరతుల్లో ఉందని ఇప్పుడు అంటున్నారు. ఫోన్‌కు దొంగతనం బీమా ఇంకా అమలులో ఉంది కాబట్టి, ఫోన్ పోయిందని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి ఆ డబ్బు తీసుకోమని స్నేహితులు సలహా ఇస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన ఉత్తరం పెద్దది, దాన్ని పైన కుదించి ఇచ్చాను. అందులో మూడు వంతులు మీ అమ్మగారి వీడియో గురించే ఉంది. మీ ఫిర్యాదు నిలబడేదీ పడిపోయేదీ దాని మీద కాదు. కవరులోకి నీళ్లు కవరు లోపం వల్ల వచ్చాయా, మీరు సరిగా మూయకపోవడం వల్ల వచ్చాయా అన్న ఒక్క ప్రశ్న మీదే అది ఆధారపడుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల వస్తువు ప్రపంచంలో ఒక్కటే ఉంది, అది మీ దగ్గరున్న ఆ కవరు. దాన్నే వెనక్కి పంపమని అమ్మకందారు అడుగుతున్నాడు. పంపకండి. పంపిన రోజున మీ సాక్ష్యం ప్రతివాది చేతికి వెళ్లిపోతుంది, మీకు మిగిలేది కవరు ధర చెల్లించినట్లు ఒక మెయిలు మాత్రమే.

కవరును ఇప్పుడున్న స్థితిలోనే ఉంచండి. కడగడం, రబ్బరు రింగును తీసి తుడవడం, మళ్లీ నీళ్లలో ముంచి పరీక్షించడం, గొళ్లేన్ని పదే పదే తెరిచి మూయడం చేయకండి. ఇద్దరు సాక్షుల ఎదుట అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, ఒక సంచిలో పెట్టి, సీలు వేసి, తేదీ రాసి, వారి సంతకాలు తీసుకోండి. ఫోన్ విషయంలోనూ ఇదే పద్ధతి పాటించండి. బయటి రిపేరు దుకాణంలో దాన్ని విప్పిస్తే, లోపల ఉప్పునీటి తుప్పు ఎక్కడి నుంచి మొదలైందో చెప్పే ఆనవాళ్లు పోతాయి. ఇలాంటి ఫిర్యాదుల్లో ప్రతివాది వేసే జవాబు చాలావరకు ఒకేలా ఉంటుంది: రింగుకు ఇసుక రేణువో వెంట్రుకో అంటుకుని ఉండగా మూశారు, లేదా చెప్పిన దానికన్నా లోతుకు తీసుకెళ్లారు, కనుక ఇది దుర్వినియోగం అంటారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోని సెక్షన్ 87 ప్రకారం, నష్టం జరిగే సమయంలో వస్తువును దుర్వినియోగం చేసి ఉంటే అమ్మకందారుపై ఉత్పత్తి బాధ్యత దావా (వస్తువు లోపం వల్ల కలిగిన హానికి పరిహారం కోరే దావా) నిలవదు. దానికి మీ ఎదురు ఆయుధం అదే చట్టంలోని సెక్షన్ 38. పరీక్ష జరిపితే గానీ తేలని లోపమైతే, మీ ఫిర్యాదును విచారించే జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును సీలు వేసి తగిన లేబొరేటరీకి పంపి, 45 రోజుల్లో నివేదిక తెప్పిస్తుంది. పరీక్ష రుసుము మీరే ముందుగా జమ చేయవలసి ఉంటుంది. దానికి వెనకాడకండి.

మరో మాట అడగాలి. కవరుతో పాటు వచ్చిన సూచనల కాగితం ఏమైంది? మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. ఫోన్ పెట్టకముందు ఖాళీ కవరులో టిష్యూ కాగితం ఉంచి, అరగంట నీళ్లలో ముంచి, కాగితం తడిసిందో లేదో చూడాలని ఇలాంటి కవర్ల సూచనల్లో సాధారణంగా ఉంటుంది. మీరు అలా చూశారా? చూడకపోతే ఆ మాట మీ న్యాయవాదితో నిజంగా చెప్పండి, ఎదురు ప్రశ్నల్లో అది ఎలాగూ బయటపడుతుంది. కాగితంలో ఆ సూచన లేకపోతే అదే మీ బలం అవుతుంది, ఎందుకంటే సరైన వాడకానికి తగిన సూచనలు గానీ, తప్పు వాడకంపై హెచ్చరిక గానీ ఇవ్వకపోవడం సెక్షన్ 84 కింద తయారీదారు బాధ్యతకు ఒక స్వతంత్ర కారణం. డబ్బాను, కాగితాలను పారేసే అలవాటు ఎన్ని మంచి ఫిర్యాదులను బలహీనపరుస్తుందో చూస్తూ ఉంటాను కనుకనే కోపంగా చెబుతున్నాను. వెంటనే ఇల్లంతా వెతకండి.

ఇక ఆ ‘30 మీటర్లు’ అన్న మాట. నీటి చొరబాటును కొలిచే ప్రమాణం ఐఈసీ 60529, దాన్నే మన దేశంలో ఐఎస్/ఐఈసీ 60529గా స్వీకరించారు. అందులో నీటి రక్షణ స్థాయిలను ఐపీఎక్స్ అన్న గుర్తు పక్కన అంకెతో చెబుతారు. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు. ఐపీఎక్స్8 అంటే అంతకన్నా కఠినమైన పరిస్థితులు, అవి ఏమిటో తయారీదారే ప్రకటించాలి, కాబట్టి ఆ 8 అంకె ఒక్కటే చూసి ఎంత లోతుకు పనికొస్తుందో చెప్పలేం. పైగా ఆ పరీక్ష కదలని మంచినీటిలో జరుగుతుంది, సముద్రంలో అలలూ ఇసుకా ఈతలో చేతి విసురూ కలిసి రింగు మీద పనిచేస్తాయి. నీటిలో ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, అంటే 30 మీటర్ల దగ్గర కవరు మీద పడేది ఉపరితలం మీద ఉన్న దానికి నాలుగింతలు. అంతటి పీడనాన్ని తట్టుకుంటుందని ప్రకటించిన వస్తువు మనిషి లోతు నీటిలో పావుగంట నిలవకపోతే, ఆ ప్రకటనకు ఆధారమేమిటని మీరు అడగవచ్చు. తగిన పరీక్ష జరపకుండా వస్తువు పనితీరుకు హామీ ఇవ్వడం సెక్షన్ 2(47) కింద అనుచిత వాణిజ్య పద్ధతి. పరీక్ష జరిపామని వాదించేవారే దాన్ని రుజువు చేయాలని అదే నిబంధన చెబుతోంది. పరీక్ష నివేదికను సమర్పించమని మొదటి వాయిదాలోనే ప్రతివాదులను కోరుతూ దరఖాస్తు వేయించండి.

అయితే మీరు ఎంత లోతులో ఉన్నారన్నది మీరే రుజువు చేయాలి. మీరు తీసిన వీడియో పాడైన ఫోన్‌లోనే ఉండిపోయింది. ఫోన్ వాడే రేడియో సంకేతాలు సముద్రపు నీటిలో దాదాపు ప్రయాణించవు కాబట్టి అది అక్కడి నుంచి ఎక్కడికీ అప్‌లోడ్ అయి ఉండే అవకాశం చాలా తక్కువ. అందువల్ల ఆ రోజు మీతో ఉన్నవారు ఒడ్డు నుంచి గానీ నీటిలో గానీ తీసిన ఫొటోలు, వీడియోలు సేకరించండి, ప్రత్యక్షంగా చూసినవారి అఫిడవిట్లు తీసుకోండి. అమ్మకపు పేజీ ఇప్పుడు మారిపోయి ఉండవచ్చు, కొన్ననాడే స్క్రీన్‌షాట్ తీసుకోకపోవడం మీ అజాగ్రత్తే. మీ బావగారి ఖాతాలోని ఆర్డర్ వివరాలు, ఆర్డర్ ధ్రువీకరణ మెయిలు, డబ్బా మీది రాతలు, అమ్మకందారు మీకు రాసిన జవాబులు ఇప్పుడు ఆ లోటు తీర్చాలి. ఎలక్ట్రానిక్ ప్రతులన్నిటికీ భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జత చేయించండి. బిల్లు బావగారి పేరున ఉండటం అడ్డంకి కాదు, కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారులే. ఆ అనుమతి ఇచ్చినట్లు ఆయన చేత ఒక అఫిడవిట్ చేయిస్తే చాలు.

మీ అసలు సందేహం ఫోన్ ధర గురించి. సెక్షన్ 2(22) ‘హాని’ని నిర్వచిస్తూ, లోపమున్న వస్తువు కాకుండా మరో ఆస్తికి కలిగిన నష్టాన్ని అందులో చేర్చింది. ఇక్కడ లోపమున్న వస్తువు కవరు, నష్టపోయిన ఆస్తి ఫోన్. కాబట్టి పరిహారం కవరు ధర దగ్గర ఆగనక్కర్లేదు. కానీ అదే నిబంధన, వారంటీ షరతుల ఉల్లంఘన వల్ల ఆస్తికి కలిగిన నష్టాన్ని ‘హాని’ నుంచి మినహాయించింది. ఫిర్యాదును ‘వారంటీ ఇచ్చి తప్పారు’ అని మాత్రమే రాస్తే మీ తలుపు మీరే మూసుకున్నట్లవుతుంది. తయారీలో లేదా రూపకల్పనలో లోపం, సూచనల లోపం అని సెక్షన్ 84 మాటల్లోనే రాయించండి. లోపం రుజువైతే, తాను నిర్లక్ష్యంగా లేనన్న వాదన తయారీదారును కాపాడదు. ఫోన్‌కు తమ బాధ్యత లేదన్న షరతును ‘అన్యాయమైన ఒప్పందం’గా రద్దు చేయమని జిల్లా కమిషన్‌ను కోరకండి, ఆ అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లదే. చట్టం విధించిన బాధ్యతను ఒకరు ఏకపక్షంగా రాసుకున్న వాక్యం తొలగించలేదని వాదిస్తే సరిపోతుంది.

ఇప్పుడు మీరు నిద్ర మానుకుని ఆలోచించవలసిన విషయానికి వస్తాను. సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన తేదీ నుంచి 2 సంవత్సరాల్లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. 22 నెలలు మెయిళ్లతో గడిపేశారు. ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నంత కాలం గడువు ఆగి ఉంటుందని మీరు అనుకున్నట్లున్నారు, అది తప్పు. కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ కేసులో 2009లో సుప్రీంకోర్టు, బీమా సంస్థతో ఏళ్ల తర్వాత నడిపిన లేఖలను పట్టించుకోకుండా, అగ్నిప్రమాదం జరిగిన తేదీ నుంచే గడువును లెక్కించింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, ‘వాళ్లు జవాబిస్తారని ఎదురుచూశాను’ అన్నది నమ్ముకోదగిన కారణం కాదు. మీ విషయంలో నీళ్లు వచ్చిన రోజే కారణం ఏర్పడిందని వాదించవచ్చు గానీ, ఆ రెండు వారాల మీద మీ భవిష్యత్తు పెట్టకండి. కవరు కొన్న తేదీ నుంచే లెక్క వేసుకోండి. మీకున్నది సుమారు రెండు నెలలు.

స్నేహితులు చెప్పిన దారి గురించి ఒక్కటే మాట: ఆ ఆలోచన కూడా పెట్టుకోకండి. పోగొట్టుకోని ఫోన్‌ను పోయిందని బీమా సంస్థను నమ్మించి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం. దానికోసం పోలీసులకు ఇచ్చే అబద్ధపు ఫిర్యాదు మరో చిక్కు. ఆ ఫోన్ నీటివల్ల పాడైందని సర్వీస్ సెంటర్ రికార్డుల్లో ఆ ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరుతో సహా ఉంది. అమ్మకందారుకు మీరే అదే మాట 22 నెలలుగా రాస్తున్నారు. ఒక అబద్ధంతో నేరారోపణ తెచ్చుకోవడమే కాకుండా, నిజమైన ఫిర్యాదులో మీ మాటకున్న విలువను కూడా పోగొట్టుకుంటారు.

వీడియో విషయంలో కఠినంగానే చెప్పాలి. తిరిగి రాని జ్ఞాపకాన్ని మరో ప్రతి లేకుండా ఒకే ఫోన్‌లో ఉంచి, ఆ ఫోన్‌ను సముద్రంలోకి తీసుకెళ్లడం మీ పొరపాటు, ప్రతివాది ఆ మాట తప్పక అంటాడు. మానసిక వేదనకు పరిహారం కోరవచ్చు, కానీ అదే ఫిర్యాదుకు ప్రధానమైతే మిగిలినదంతా పలచబడుతుంది. డేటాను తిరిగి తీయించే ప్రయత్నం చేయాలనుకుంటే, ముందు కమిషన్ అనుమతి కోరండి. లేదా పని మొదలుపెట్టే ముందు ఫోన్ స్థితిని ఫొటోలతో, సాంకేతిక నిపుణుడి లిఖిత నివేదికతో నమోదు చేయించండి.

మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయడానికి సెక్షన్ 34 వీలు కల్పిస్తోంది, అమ్మకందారు ఎక్కడున్నా సరే. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు కనుక దాఖలు రుసుము లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయవచ్చు. తయారీదారును, దిగుమతి చేసుకున్న వస్తువైతే దిగుమతిదారును, అమ్మకందారును, ఆన్‌లైన్ వేదికను ప్రతివాదులుగా చేర్చండి. అమ్మకందారు పూర్తి చిరునామా తెలియకపోతే, 2020 నాటి ఈ-కామర్స్ నియమాల కింద వేదిక ఫిర్యాదుల అధికారికి ఈరోజే రాయండి, 48 గంటల్లో అందినట్లు తెలపడం, నెలలోపు పరిష్కరించడం ఆ అధికారి విధి. జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పవచ్చు, కానీ వీటిలో ఏ ఒక్కటీ సెక్షన్ 69 గడువును ఒక్క రోజు కూడా పొడిగించదు. లీగల్ నోటీసు ఇస్తే 15 రోజులకు మించి సమయం ఇవ్వకండి. నోటీసు తప్పనిసరి కాదు కాబట్టి, అది ఆలస్యమయ్యేలా ఉంటే నేరుగా దాఖలు చేయండి. ఫోన్ ధరను కోరేటప్పుడు వాడిన కాలానికి తరుగుదల తీసివేసి, కొన్న బిల్లు, సర్వీస్ సెంటర్ నివేదిక జతపరచండి. ఆ నివేదిక మీ దగ్గర లేకపోతే సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవడమే ఈ వారం మీరు చేయవలసిన మొదటి పని.