కామిక్స్ కోర్సు: రెండేళ్లా, ఏడాదా?

ప్రశ్న: ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఆరేళ్లుగా బొమ్మలు వేస్తున్నాను. పుస్తకాల అట్టలు, పోస్టర్లు ఫ్రీలాన్స్‌గా గీస్తే ఖర్చులు పోను కాస్త మిగులుతోంది. 20 నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. రెండేళ్ల కామిక్స్ కోర్సులో చేరాలనుంది. మొత్తం ఫీజు నా 12 నెలల ఖర్చంత. తక్కువ పడితే అప్పు చేసి చేరొచ్చా?

జవాబు: మీ లెక్కలో ఫీజు ఉంది గానీ, చదివే రోజుల్లో తగ్గిపోయే సంపాదన లేదు. అసలు భారం అదే. నెల ఖర్చును 1 అనుకుని లెక్క వేద్దాం. రెండేళ్లు గడవడానికి 24, ఫీజుకు 12, కాగితం, ఇంకు, ప్రింట్లకు 2, కోర్సు అయ్యాక పని దొరికేదాకా 6. మొత్తం 44. చదువుతూ పని చేసినా నెల ఖర్చులో 40 శాతానికి మించి వస్తుందని వేసుకోకండి. వారం వారం పేజీలు అప్పగించాల్సిన చదువు ఇది. క్లయింటు గడువూ క్లాసు గడువూ ఒకే రోజున వచ్చి పడతాయి. ఆ లెక్కన రెండేళ్లకు దాదాపు 10 వస్తుంది, పొదుపుతో కలిపి 30. మిగతా 14 అప్పే. ఆదాయం నిలకడగా లేని వృత్తిలోకి అంత అప్పుతో దిగొద్దని గట్టిగా చెబుతాను.

అదే ఏడాది కోర్సు అయితే, ఫీజు సగమే అనుకుంటే, 12, 6, 1, 6 కలిపి 25. సంపాదన 5, పొదుపు 20. అప్పు అక్కర్లేదు. కోర్సులన్నీ ఒకే నిడివివి కావు: 1976లో కామిక్స్ చిత్రకారుడు జో క్యూబర్ట్ అమెరికాలో పెట్టిన స్కూల్లో మూడేళ్ల చదువు, అదే దేశంలో వెర్మాంట్ రాష్ట్రంలోని సెంటర్ ఫర్ కార్టూన్ స్టడీస్‌లో రెండేళ్ల ఎంఎఫ్‌ఏ (లలిత కళల్లో పీజీ డిగ్రీ)తో పాటు ఏడాది సర్టిఫికెట్టూ ఉంది.

ఫీజు కట్టేముందు 8 పేజీల కథ ఒకటి పూర్తిగా గీయండి. థంబ్‌నెయిల్ (పేజీకి చిన్న చిత్తు బొమ్మ), పెన్సిల్, ఇంకింగ్ (పెన్సిల్ గీతల మీద ఇంకు), లెటరింగ్ (మాటలు రాయడం), ఒక్కోదానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. సొంతంగా నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా తడబడేది బొమ్మ దగ్గర కాదు, ప్యానెల్ (పేజీలోని ఒక్కో గడి) నుంచి ప్యానెల్‌కి కథ నడపడం దగ్గర. మొదటి ప్యానెల్లో ఉన్న ముఖం ఆరో ప్యానెల్‌కి మారిపోతుంది. మాటల బుడగకు థంబ్‌నెయిల్లోనే చోటు వదలరు, చివర్లో అది పాత్ర చేతిని కప్పేస్తుంది. మీ పేజీల్లో ఇలాంటివి కనిపిస్తే కోర్సు మీకు పనికొస్తుంది. తేడా శరీర నిర్మాణంలోనో పర్‌స్పెక్టివ్‌లోనో (దూరం, లోతు చూపించడం) మాత్రమే ఉంటే విడిగా కొన్ని నెలల పాఠాలు చాలు, ఈ ఖర్చంతా వద్దు.

ఆ గంటలే రేపటి ఆదాయాన్నీ చెబుతాయి. పేజీకి రెండున్నర రోజులు పడితే 120 పేజీల పుస్తకానికి 300 పనిరోజులు. ప్రచురణకర్త ఇస్తానన్న అడ్వాన్సును 300తో భాగించి, ఇప్పుడు అట్టల మీద మీకు గిట్టే రోజు కూలితో పోల్చండి. అడ్వాన్సు తరచూ ఒప్పందం మీద కొంత, పేజీలు అందాక కొంత, ఇలా విడతలుగా వస్తుంది. అది అమ్మకాల్లో తీరాకే రాయల్టీ (అమ్మకాల్లో మీ వాటా) మొదలవుతుంది. అందుకే అట్టలు వేయించుకునే క్లయింట్లలో నమ్మకమైన ఇద్దరిని వదులుకోకండి.

చేరేముందు స్కూల్ని రాతపూర్వకంగా రెండు అడగండి: మధ్యలో మానేస్తే ఏ తేదీలోపు ఎంత ఫీజు వెనక్కిస్తారు, ఏడాది చదివి ఆపినా సర్టిఫికెట్టు ఇస్తారా. రెండోదానికి అవునంటే ముందు ఏడాదికే చేరండి. రెండో ఏడాది సంగతి అప్పటి పొదుపు చూసుకుని తేల్చుకోవచ్చు.