జవాబు: రోబోటో స్లాబ్ బోల్డ్ ఇటాలిక్ వంకరగా ఎందుకొస్తోంది?

పోస్టర్ హెడింగ్‌కి రోబోటో స్లాబ్ అనే ఇంగ్లీషు ఫాంట్ తీసుకుని బోల్డ్, ఇటాలిక్ రెండూ నొక్కితే అక్షరాలు వంకరపోతున్నాయన్నారు కదా. తప్పు మీది కాదండీ. ఆ ఫాంట్‌కి ఇటాలిక్ ఫైలే లేదు. సాఫ్ట్‌వేర్ నిలువు అక్షరాన్నే పక్కకి తోసేస్తోంది. ఇంగ్లీషు 'O' అక్షరాన్ని పెద్దది చేసి చూడండి: కుడి పైమూల, ఎడమ కిందిమూల లావెక్కి, మిగతా రెండు మూలలూ సన్నబడి ఉంటాయి.

నిజమైన బోల్డ్ ఇటాలిక్ ఉన్న జిల్లా స్లాబ్ (Zilla Slab) ఫాంట్‌గానీ ఆర్వో (Arvo) గానీ దించుకోండి, రెండూ ఉచితమే. బోల్డ్ ఇటాలిక్ ఫైల్ విడిగా ఉంటుంది, దాన్నీ ఇన్‌స్టాల్ చేయాలి. రెగ్యులర్ ఒక్కటే వేసి బటన్ నొక్కితే మళ్లీ ఇదే గోల. డబ్బు పెట్టగలిగితే 1934లో మోనోటైప్ తెచ్చిన రాక్‌వెల్ ఉంది. పోస్టర్‌కి దాని దిట్టతనం వేరు.

ఈ స్లాబ్ రకం అక్షరాలు హెడింగ్‌కి, ధర ట్యాగ్‌కి, జెర్సీకి బాగుంటాయి. పేరాకి మాత్రం వద్దు. దిమ్మల్లాంటి సిరీఫ్‌లు (అక్షరాల గీతల చివర్లలో ఉండే అడ్డ గీతలు) చిన్న సైజులో ఒకదానికొకటి తగులుకుంటాయి, 'e', 'a' లోపలి ఖాళీలు సిరాతో పూడిపోతాయి. 14 పాయింట్లకి తగ్గకండి, అక్షరాల మధ్య ఎడం (సాఫ్ట్‌వేర్‌లో ట్రాకింగ్ అంకె) 10 నుంచి 20 పెంచండి. నల్లటి నేలమీద తెల్లక్షరాలైతే ఇంకాస్త.

పక్కన తెలుగు హెడింగ్ ఉంటే దాన్ని వాల్చకండి. రామభద్ర లాంటి లావు ఫాంట్‌లో నిటారుగానే ఉంచండి.