అమెరికా పౌరసత్వంతో గుంటూరులో స్థిరపడితే వీసా, ట్యాక్స్ సంగతేంటి?

మీ బాబాయిగారు అమెరికా పౌరులు, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వమిచ్చే) కార్డు ఉంది, రిటైరయ్యాక బ్రాడీపేటలోనే ఉండిపోతానంటున్నారు, ఇబ్బందులేమైనా వస్తాయా అని అడిగారు.

వీసా గురించి టెన్షన్ అక్కర్లేదు. ఓసీఐ ఉంటే ఎన్నేళ్లయినా ఉండొచ్చు, విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పనీ లేదు.

అసలు చూసుకోవాల్సింది ట్యాక్స్. ఏప్రిల్ నుంచి మార్చి లోపు 182 రోజులు, ఆపైన ఇక్కడుంటే పన్ను లెక్కల్లో రెసిడెంట్ (ఇక్కడి నివాసి) అయిపోతారు. పాస్‌పోర్టులో స్టాంపులు చూసి రోజులు లెక్కపెట్టండి. అంతలోనే కంగారు పడొద్దు. గడిచిన పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నవారిని మొదట్లో 'నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్'గా చూస్తారు. ఆ హోదా ఉన్నన్నాళ్లూ అక్కడి వడ్డీలు, డివిడెండ్లకు ఇక్కడ పన్ను పడదు. అది పోయాక మాత్రం అమెరికా ఖాతాలు, షేర్లు అన్నీ మన రిటర్నులో చూపించాల్సిందే. అమెరికా ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కు, రెండు దేశాల ఒప్పందం ప్రకారం, పన్ను అమెరికాకే.

ఎక్కడున్నా అమెరికా పౌరులు అక్కడి రిటర్ను వేయాలి. ఇక్కడి బ్యాంకు ఖాతాలు, ఎఫ్‌డీలు అన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఫారం) కూడా దాఖలు చేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే, జరిమానాలు గట్టిగా ఉంటాయి.

ఇంకోటి, తెనాలి వైపు మాగాణి బేరం వస్తే ఆయన్ని అడ్వాన్సు ఇవ్వనీయకండి. ఓసీఐ ఉన్నవారు ఫ్లాటు కొనుక్కోవచ్చు, పొలం కొనకూడదు. తాతల పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.