అమెరికా అలవాటు కావడం సరే, ముందు ఆ మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు చిన్నదానికే ఏడుపొస్తోంది. రాత్రి పదిన్నరకు అమ్మతో వీడియో కాల్ మాట్లాడాక నిద్ర పట్టదు. అమ్మ తను వేసుకునే ఆల్‌ప్రజోలం (ఆందోళన తగ్గించే, నిద్రమత్తు తెచ్చే మందు) 0.5 ఎంజీ స్ట్రిప్పులు ఆవకాయతో పాటు పంపింది. మొదట్లో సగం వేసుకునేదాన్ని, ఇప్పుడు రోజూ ఒకటి. నాలుగు కిలోలు తగ్గాను. ఇక్కడ అలవాటు పడటానికి ఎన్నాళ్లు పడుతుంది? తెలుగువాళ్లతోనే తిరిగితే ఎప్పటికీ అలవాటు కాదంటున్నారు మావారు. నిజమేనా?
– ఒక సోదరి

జవాబు: మీరు అడిగినదాని కంటే, మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మాత్రల గురించే నాకు టెన్షన్‌గా ఉందమ్మా. సగం కాస్తా ఒకటైందంటే శరీరం దానికి అలవాటు పడుతుండవచ్చు. ఇంట్లో ఒకరికి రాసిన మందు ఇంటిల్లిపాదీ మింగడం నా ఓపీలో రోజూ చూసేదే. మీ అమ్మగారికి ఎందుకు రాశారో, మీకు అది అవసరమో కాదో చూసిన డాక్టరెవరు? మన దగ్గరే ఇది చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందు. అమెరికాలోనూ దీనిపై నియంత్రణ ఉంది, మీ పేరున ప్రిస్క్రిప్షన్ లేకుండా దగ్గర పెట్టుకుంటే చట్టపరంగా చిక్కే.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. రోజూ వాడుతూ ఒక్కసారిగా ఆపితే కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఈ వారంలోనే అక్కడి డాక్టర్‌ని కలిసి, ఏదీ దాచకుండా చెప్పి, వారు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. అంతవరకు కారు నడపకండి, మద్యం ముట్టకండి. ప్రెగ్నెన్సీ ప్లాన్ చేస్తుంటే అదీ చెప్పండి.

బరువు తగ్గడాన్ని ఇంటి మీద బెంగే అని తేల్చేయలేను. థైరాయిడ్ ఎక్కువైనా నిద్ర పట్టదు, మనిషి చిక్కిపోతారు. థైరాయిడ్, షుగర్, రక్తహీనత పరీక్షలు చేయించండి.

ఇక అలవాటు మాట. కొత్త దేశంలో మొదట మోజు, తర్వాత చిరాకు, ఆపైన సర్దుబాటు అని కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లో రాశారు. చాలామందికి ఇది తమ కథలాగే అనిపిస్తుంది కానీ, అందరూ ఈ వరుసలోనే నడవరని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఇన్ని నెలలని చెప్పలేను. మీవారు ఆఫీసుకు, మీరు ఇంట్లో గోడలకు అంటే మాత్రం ఆలస్యమవుతుంది.

మీవారి మాటతో నేను ఏకీభవించను. మన వాళ్లనీ వదలకుండా, అక్కడివాళ్లతోనూ కలిసేవాళ్లే ఎక్కువగా కుదురుకుంటారని జాన్ బెర్రీ అనే మనస్తత్వవేత్త పరిశోధనల సారాంశం. తెలుగు స్నేహితులు ఉండనివ్వండి, దగ్గర్లోని లైబ్రరీలో ఇంగ్లిష్ క్లాసో మరొకటో ఉంటే చేరండి. అమ్మతో మాటలు మీ ఉదయం ఎనిమిదికి మార్చండి, ఇక్కడ సాయంత్రమే అవుతుంది.

దిగులు రెండు వారాలు దాటి రోజంతా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, మిమ్మల్ని చూడకుండా నేను నిర్ధారించలేను. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. మీవారికి చెప్పి, వెంటనే అక్కడి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.