డాక్టర్ సలహా: దెబ్బ మీద మంట పుడితే మందు పనిచేస్తున్నట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కూకట్‌పల్లి. మా బాబుకి ఆరేళ్లు. పోయిన ఆదివారం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోయింది. మా అత్తయ్య గారు యాంటీసెప్టిక్ లిక్విడ్ నీళ్లు కలపకుండానే దూదితో అద్ది, పైన యాంటీబయాటిక్ పౌడర్ చల్లి కట్టు కట్టారు. రోజూ రెండు పూటలా అదే చేస్తున్నాం. ఐదో రోజుకి పుండు చుట్టూ ఎర్రగా కందిపోయి, సన్నటి పొక్కులు లేచాయి. ఒకటే దురద అంటున్నాడు. జ్వరం లేదు. రెండు నెలల పాప కూడా ఉంది. తనకి జలుబు చేస్తే కర్పూరం వేసి కాచిన కొబ్బరి నూనె ఛాతీకి రాస్తున్నాం. ఇవన్నీ కెమికల్సే కదా అని ఇప్పుడు భయం పట్టుకుంది. ఏవి మానేయాలి? కెమికల్స్ లేని ఫస్ట్ ఎయిడ్ సామాన్లు దొరుకుతాయా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి బాబు మోకాలికి చీము పట్టినట్టు లేదు, మందు పడనట్టు ఉంది. చీము పడితే నొప్పి రోజురోజుకీ పెరుగుతుంది, చుట్టూ వేడిగా ఉబ్బుతుంది, జ్వరం కూడా రావచ్చు. నొప్పి తక్కువ, దురద ఎక్కువగా ఉండి, ఎరుపు సరిగ్గా మందు తగిలినంత మేరకే ఉంటే ముందు ఆ మందునే అనుమానించాలి. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఆ లిక్విడ్, ఆ పౌడర్ రెండూ ఇవాళే ఆపేయండి.

నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే ఆ లిక్విడ్‌లో ఉండేది క్లోరోజైలినాల్. ఎన్ని నీళ్లు కలపాలో సీసా మీదే రాసి ఉంటుంది, మనమే చదవం. చిక్కగా రాసి పైన కట్టు కూడా బిగిస్తే చర్మం కాలినట్టు కందిపోతుంది. ఇక పౌడర్. డబ్బా మీద నియోమైసిన్ అని ఉందేమో చూడండి. చర్మానికి రాసే యాంటీబయాటిక్స్‌లో అలర్జీకి బాగా పేరుపడింది ఇదే. అమెరికాలో చర్మ అలర్జీల నిపుణుల సంఘం 2010లో దీన్ని 'ఈ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది కూడా. రాసిన వెంటనే ఏమీ కాదు, కొన్ని రోజులకు దురద మొదలవుతుంది. అది చూసి పుండు ముదిరిందనుకుని ఇంకాస్త చల్లుతాం!

మీ అత్తయ్య గారిని ఏమీ అనకండి. 'మండితేనే మందు పనిచేస్తున్నట్టు' అని మా అమ్మ కూడా అనేది. కానీ ఆ మంట క్రిములకు మాత్రమే పుట్టదు, పుండు మాన్పడానికి వచ్చిన మన కణాలకూ పుడుతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు చూస్తూ ఈ మాటే చెప్పాడు: లోతు గాయంలో పోసిన యాంటీసెప్టిక్‌లు క్రిముల కంటే ముందు మన తెల్ల రక్తకణాలనే చంపుతున్నాయని. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే వచ్చే నురగ కూడా అంతే. ఆ పొంగు మన రక్తంలో, కణాల్లో ఉండే ఎంజైమ్ వల్ల వస్తుంది. క్రిములు చస్తున్నాయనడానికి అది సాక్ష్యం కాదు. స్పిరిట్ అన్నది సూది వేసే ముందు తెగని చర్మానికి తుడవడానికే, పచ్చి పుండు మీదికి కాదు.

మరి ఏం చేయాలి? కుళాయి తిప్పి, ధారగా పడే తాగే నీళ్ల కింద మోకాలు పెట్టి ఐదు నిమిషాలు కడగండి. ఇసుక రేణువులుంటే తీసేయండి. చుట్టుపక్కల చర్మానికి మామూలు సబ్బు చాలు. శుభ్రమైన గుడ్డతో అద్ది, పెట్రోలియం జెల్లీ పల్చగా రాసి, పైన గాజ్ (పల్చటి కట్టు గుడ్డ) కట్టి, రోజుకోసారి మార్చండి. 'గాలి తగిలితే త్వరగా ఎండుతుంది' అంటారు. ఎండడం వేరు, మానడం వేరు. తడి ఆరకుండా కప్పిన పుండు మీద కొత్త చర్మం త్వరగా పాకుతుందని 1962లోనే తేలింది. దెబ్బ తగిలింది కాబట్టి, ధనుర్వాతం రాకుండా ఐదేళ్లు దాటాక వేసే డీపీటీ బూస్టర్ బాబుకి పడిందో లేదో ఓసారి టీకాల కార్డు తీసి చూడండి.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది మోకాలు కాదు, పాప. కర్పూరం నూనె ఈరోజే మానేయండి. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం ఉన్న నూనె గానీ, బామ్ గానీ ఛాతీకీ ముక్కు దగ్గరా రాయకూడదు. అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది, ఫిట్స్ తెప్పిస్తుంది. హారతి కర్పూరం బిళ్లలు కూడా పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు చాలు. పాలు సరిగా తాగకపోయినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా నూనెలతో ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.

మీరు రాయలేదు గానీ అడగాల్సింది ఒకటుంది. పాపకు వేస్తున్నవి బాబు చిన్నప్పటి బట్టలేనా? బీరువాలో కలరా ఉండలు వేసి దాచారా? ఆ ఉండలు చాలావరకు నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఒంటికి నూనె రాసి ఉంటే ఇంకా సులువుగా లోపలికి ఇంకుతుంది. మన ఇళ్లలో పసిపిల్లలకు నూనె రాయని రోజు ఉండదు కదా! ఆ బట్టలు ఒకటికి రెండుసార్లు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా డాబా మీద ఎండలో వేసి అప్పుడు తొడగండి. కళ్లు పచ్చబడినా, పాప పాలిపోయినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా గంటల్లో ఆసుపత్రికి వెళ్లాలి. నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో రాత్రయినా చూస్తారు.

బాత్‌రూమ్ గురించి ఒక్క మాట. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. పొరపాటున కలిసి ఘాటు కొడితే వెంటనే బయటికి వచ్చేయండి. లూజుగా కొన్న యాసిడ్, ఫినాయిల్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచకండి. పిల్లలు తాగేస్తే వాంతి చేయించకండి, అది పైకి వచ్చేటప్పుడు గొంతును రెండోసారి కాలుస్తుంది. నోరు కడిగి 108కి ఫోన్ చేయండి.

కెమికల్స్ లేని సామాన్లు అడిగారు. అలాంటివేమీ ఉండవమ్మా, నీళ్లూ కెమికలే. 'నేచురల్' అన్న మాట చూసి కొనకండి. కళ్లకు పెట్టే సుర్మా కూడా సహజమైన రాయి పొడే, కానీ ఆ రాయి చాలాసార్లు సీసపు ఖనిజం. పాప కళ్లకు అది వద్దు.

మందులు ఆపాక మూడు నాలుగు రోజుల్లో బాబు దురద తగ్గాలి. తగ్గకపోయినా, ఎరుపు పాకుతున్నా చర్మ వైద్యుడికి చూపించండి. వెళ్లేటప్పుడు ఆ సీసా, ఆ పౌడర్ డబ్బా, ఇంట్లో వేరే ఎవరైనా రాసిన ఆయింట్‌మెంట్ ఉంటే అదీ, అన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.